పొలాలకు పేర్లున్నాయి, పటంలో లేవు: ఐర్లండ్ స్థలనామాల వెబ్‌సైట్లపై ఒక సమీక్ష

ఐర్లండ్ పల్లెల్లో పొలాల పేర్లు, వాటి వెనుక ఉన్న కథలు తెలుసుకోదలచినవారికి నేడు మూడు ఉచిత వెబ్‌సైట్లు అందుబాటులో ఉన్నాయి. అధికారిక స్థలనామాలకు లోగానిమ్, రైతుల నోళ్లలో తప్ప మరెక్కడా లేని చిన్న పేర్లకు మెహల్ లోగానిమ్, ఆ పేర్ల చుట్టూ అల్లుకున్న జానపద కథనాలకు దూఖస్. మూడింటి నిర్మాణంలోనూ డబ్లిన్ సిటీ యూనివర్సిటీకి చెందిన ఒకే పరిశోధక బృందం పాలుపంచుకుంది. కనుక వీటిని విడివిడిగా కాక, ఒకే సేవకు మూడు గదులుగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను. కార్క్ కౌంటీ తూర్పు భాగంలో నేను అద్దెకుంటున్న ఇంటికి ఆనుకుని ఒక వృద్ధ పాడి రైతు పొలాలున్నాయి. వాటి సంఖ్య 11. ఒక చలికాలమంతా ఆ పదకొండు పేర్లనూ పట్టుకుని ఈ మూడు సైట్లలోనూ వెతికాను. ఎక్కడ జవాబు దొరికిందో, ఎక్కడ తిరిగి ఆ పెద్దాయన వంటింటికే వెళ్లవలసి వచ్చిందో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఐర్లండ్‌లో భూమికి అతి చిన్న అధికారిక విభాగం టౌన్‌ల్యాండ్. దేశమంతటా ఇవి 60,000 పైచిలుకు ఉన్నాయి. ఒక్కో టౌన్‌ల్యాండ్‌లో పదులకొద్దీ పొలాలు, ప్రతి పొలానికీ ఒక పేరు ఉన్నప్పటికీ, ఆ పేర్లు ప్రభుత్వ పటాలకు దాదాపుగా ఎక్కలేదు. 1824లో మొదలై, 1846లో చివరి కౌంటీ పటాలు వెలువడేదాకా సాగిన ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ భూసర్వే, మైలుకు ఆరంగుళాల కొలతతో దేశం మొత్తాన్ని గీసింది. స్థానిక పన్ను విధించడానికి టౌన్‌ల్యాండ్ హద్దులు, విస్తీర్ణం తెలిస్తే చాలు గనుక సర్వే చూపు అక్కడే ఆగింది. 1830లో ఆ సర్వేలో చేరిన జాన్ ఓ'డోనవన్ ఊరూరా తిరిగి, ఐరిష్ మాట్లాడే వృద్ధులను అడిగి, పాత రాతప్రతులతో సరిచూసి టౌన్‌ల్యాండ్ పేర్లను నిర్ధారించాడు. అంతటి పండితుడు పక్కనే ఉన్న పొలాల పేర్లు కూడా అడిగి రాసుకుని ఉంటే ఎంత బాగుండేదని అనిపించడం సహజమే కానీ, ఆయనకు అప్పగించిన పని అది కాదు.

లోగానిమ్ 2008లో ప్రారంభమైంది. ఒక టౌన్‌ల్యాండ్ పేరు కొడితే దాని ఐరిష్ రూపం, అది ఏ పారిష్‌లో (చర్చి పరిధిలో), ఏ బారనీలో (పాత పాలనా విభాగంలో), ఏ కౌంటీలో ఉన్నదీ, పటంలో దాని స్థానం కనిపిస్తాయి. చాలా పేర్లకు ఉచ్చారణ వినే సదుపాయం ఉంది. అంతకంటే విలువైనది, శతాబ్దాల పత్రాల్లో ఆ పేరు ఏయే రూపాల్లో నమోదైందో పరిశోధకులు చేతితో రాసుకున్న కార్డుల స్కాన్ ప్రతులు అనేక పేర్ల కింద తెరిచి చూడవచ్చు. ఒక నిర్ణయాన్ని మాత్రమే ప్రకటించి ఊరుకోకుండా, ఆ నిర్ణయానికి ఏ ఆధారం దారితీసిందో పాఠకుని ముందు పరచడం ఈ సైట్‌కు ఉన్న గొప్ప సుగుణమని నా అభిప్రాయం. అయితే నేను వెతికిన పదకొండు పేర్లలో ఒక్కటి కూడా ఇక్కడ దొరకలేదు. దొరకకపోవడం లోపం కాదు. ఈ గదిలో ఉండవలసినవి అవి కావు. పొలం పేరు వెతికేవారికి ఇక్కడ ఉపయోగపడేది స్థలనామాల్లో తరచుగా వచ్చే ఐరిష్ పదాల నిఘంటువు భాగం. మొదటి రోజే అక్కడికి వెళ్లి ఉంటే నాకు రెండు వారాలు కలిసివచ్చేవి.

ఆ నిఘంటువు విలువ నాకు తెలియజెప్పిన పొలం పేరు పార్క్‌నహాహా. పెద్దాయన మనవలు ఆ పేరు పలికినప్పుడల్లా పగలబడి నవ్వుతారు. ఆయన కూడా చిన్నతనంలో అలాగే నవ్వేవారట. ఎవరో తాగిన మైకంలో పెట్టిన పేరని ఇంట్లో అనుకునేవారు. ఐరిష్‌లో ఆహ్ అంటే బట్టీ. 'బట్టీ యొక్క' అని చెప్పవలసి వచ్చినప్పుడు అది 'న హాహె' అవుతుంది. పార్క్ అంటే పొలం. అంటే ఇది బట్టీ పొలం. తడి వాతావరణంలో కోసిన ధాన్యం గింజను మరకు పంపే ముందు ఆరబెట్టడానికి ఇలాంటి బట్టీలు వాడేవారు. ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన ఏమీ అనకుండా బూట్లు తొడుక్కుని నన్ను ఆ పొలం పైమూలకు తీసుకువెళ్లారు. అక్కడ నల్లముళ్ల పొదల కింద నడుంలోతు గుంట ఒకటి ఉంది. దాని ఒక పక్కన రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస, ఆ రాళ్లలో కొన్నింటి లోపలి ముఖం ఎర్రగా కాలి ఉంది. దూడలు పడిపోతాయని వాళ్ల నాన్న చుట్టూ ముళ్లకంప వేయించారని, ఆ గుంట ఎందుకుందో తాను ఏనాడూ అడగలేదని ఆయన అన్నారు. డెబ్బై ఏళ్లుగా నవ్వుతున్న పేరు ఆ గుంటకు చీటీలా అతికి ఉందన్నమాట.

నిఘంటువులో పొలానికి సంబంధించిన పదాలే ఎన్నో ఉన్నాయి. మన భాషలో మడి వేరు, చెలక వేరు అయినట్టే, ఐరిష్‌లో గొర్ట్ అనేది పైరు వేసే చేను. క్లూన్ అనేది పచ్చిక మైదానం. మోనేర్ గడ్డి కోసే బీడు. బూలె వేసవిలో పశువులను తోలుకెళ్లి పాలు పితికే చోటు. గరీ ఇంటి దగ్గరి బంగాళాదుంపల పెరడు. ఇప్పుడు అన్నిచోట్లా ఒకే రకం రైగడ్డి పెరుగుతున్నా, పేరు మాత్రం ఒకప్పుడు అక్కడ ఏ పని జరిగిందో చెబుతూనే ఉంటుంది. క్లాన్మెల్ పట్టణం పేరు విన్నవారు దాని ఐరిష్ రూపానికి తేనె మైదానమని అర్థమని తెలిస్తే ఒక్క క్షణం ఆగకుండా ఉండలేరు.

అయితే నిఘంటువు చేతిలో ఉంది కదా అని తొందరపడకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లోకి మారినప్పుడు రెండు వేర్వేరు ఐరిష్ పదాలు ఒకే రూపానికి వచ్చి చేరడం మామూలు. పేరు మొదట్లో వచ్చే 'కిల్' చర్చి కావచ్చు, అడవి కూడా కావచ్చు. కిల్డేర్‌లో అది చర్చి. మరెన్నో ఊళ్లలో అడవి. పాత పత్రాల్లోని రూపాలు చూడకుండా ఏదని తేల్చడం కుదరదు. పొలాల పేర్లకు పాత పత్రాలే లేవు గనుక, నేల మీద కనబడేదీ, ఆ ఇంటివారికి గుర్తున్నదీ మాత్రమే ఆధారం. పెద్దాయన పొలాల్లో 'ద కైల్' అనేది ఒకటుంది, ఇదీ ఆ 'కిల్' లాంటి పేరే. నేను అడవి అనుకున్నాను, ఎందుకంటే పక్కన నాలుగు ఓక్ చెట్లున్నాయి. ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపి, ఆ పొలం కింది మూలలో గడ్డిలోంచి తలలు బయటపెట్టిన చిన్న చిన్న రాళ్లను చూపించారు. ఏ రాయికీ చెక్కడం లేదు, పేరు లేదు. బాప్టిజం పొందకముందే చనిపోయిన పసికందులను చర్చి శ్మశానంలో పూడ్చనివ్వని రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా సాగిన ఆ ఆచారం కింద, ఇలాంటి చోట్ల చీకటివేళ పూడ్చేవారు. వీటిని కిల్లీన్ అంటారు. ఆ మూలను వాళ్ల కుటుంబంలో ఎవరూ దున్నలేదు, ఎరువు కూడా చల్లలేదు. ఏ డేటాబేస్ కూడా ఇంత కచ్చితంగా ఈ పేరును నాకు విడమరచి చెప్పలేకపోయేది.

ఇక్కడే ఒక పక్కమాట. ఇంటి పొలాల పటాన్ని అందంగా ముద్రించి, ఫ్రేము కట్టి అమ్మే వ్యాపారాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. పెద్దాయన కూతురు క్రిస్మస్ కానుకగా ఒకదాని దగ్గర అలాంటి పటం చేయించింది. కాగితం మేలైనది, రంగులు కంటికి హాయిగా ఉన్నాయి, హద్దులు కూడా సరిగానే ఉన్నాయి. కానీ 'ద కైల్' అని రాసి పంపిన పేరును ముద్రించినవారెవరో 'కైల్ గారి పొలం' అన్నట్టుగా దిద్దారు. కైల్ అనే పేరుగల మనిషి ఆ ఇంట్లో గానీ, ఆ చుట్టుపక్కల గానీ ఎన్నడూ లేడు. పటం హాల్లో వేలాడుతూనే ఉంది. వచ్చినవారంతా ఆ కైల్ ఎవరని అడుగుతున్నారు. డబ్బు పెట్టి కొనేముందు పేర్లను అక్షరం మార్చకుండా ముద్రిస్తారా అని రాతపూర్వకంగా అడగడం మంచిది.

పేరులో అంకె ఉన్న పొలాలను చాలామంది పట్టించుకోరు. నేను కూడా 'ఐదెకరాల పొలం' అనే దాన్ని చివరికి వదిలాను. అందులో కథేముంటుందనుకున్నాను. మైలుకు 25 అంగుళాల కొలతతో గీసిన పాత పటాల్లో ప్రతి పొలం మీదా దాని విస్తీర్ణం అచ్చువేసి ఉంటుంది. వాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే చూడవచ్చు. అక్కడ ఈ పొలం ఎనిమిదెకరాలకు కొంచెం పైన ఉంది. కంచెలు జరిగాయేమోనని మొదట అనుమానించాను. అసలు సంగతేమిటంటే ఐరిష్ ఎకరం వేరు. ఇంగ్లీషు ఎకరంలో 4,840 చదరపు గజాలుంటే ఐరిష్ ఎకరంలో 7,840 ఉంటాయి. అంటే ఒకటికి 1.62. ఐదును దానితో హెచ్చిస్తే ఎనిమిది దాటుతుంది. చట్టం ఎప్పుడో వదిలేసిన కొలత ఒక పొలం పేరులో దాక్కుని ఇప్పటికీ సరిగ్గా తూగుతోంది. పదకొండింటిలోకీ అతి చప్పగా ఉందనుకున్న పేరు ఇదే. నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించినదీ ఇదే.

మూడో గది దూఖస్. డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో భద్రపరచిన జాతీయ జానపద భాండాగారానికి ఇది డిజిటల్ రూపం. ఆ భాండాగారాన్ని యునెస్కో 2017లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పొలాల పేర్లు వెతికేవారికి ఇందులో ముఖ్యమైనది బడిపిల్లల సేకరణ. 1937 నుంచి 1939 వరకు, ఐరిష్ జానపద కమిషన్ పథకం కింద, 26 కౌంటీలలోని 5,000కు పైగా ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఇళ్లలోని పెద్దలనూ ఇరుగుపొరుగునూ అడిగి, ఊరి ముచ్చట్లను నోటుపుస్తకాల్లో రాశారు. రాసినవారు దాదాపు 50,000 మంది, పుటలు సుమారు 7,40,000. చేతిరాత పుట స్కాను ఒక పక్క, స్వచ్ఛందంగా పనిచేసేవారు టైపు చేసిన పాఠం మరో పక్క కనిపిస్తాయి. కథ చెప్పిన తాత వయసు, ఊరు కూడా చాలాచోట్ల రాసి ఉంటాయి. ఐరిష్‌లో రాసిన పుటలు పాత గేలిక్ లిపిలో ఉంటాయి గనుక ఆ భాష కొంత తెలిసినవారికి కూడా మొదట్లో కళ్లు తిరుగుతాయి. అలవాటు పడడానికి రెండు మూడు సాయంత్రాలు చాలు.

ఈ పుటల్లో పొలాల పేర్ల జాబితాలు ఎన్నో ఉన్నాయి. జాబితాల కంటే నన్ను కట్టిపడేసినవి పొలంలో జరిగే వింతల కథనాలు. ఫోడీన్ మారీ అని ఒక గడ్డిపెళ్ల ఉంటుంది. రాత్రివేళ పొరపాటున దాని మీద కాలు వేస్తే, పుట్టినప్పటి నుంచి నడిచిన పొలంలోనే గేటు దొరకక తెల్లవార్లూ తిరుగుతారు. కోటు విప్పి తిరగేసి తొడుక్కుంటే దారి కనిపిస్తుంది. ఫేర్ గర్తాఖ్ అనే ఆకలిగడ్డి మరొకటి. దాన్ని తొక్కినవారికి ఉన్నపళంగా కాళ్లు తేలిపోయేంత ఆకలి వేస్తుంది, అందుకే జేబులో రొట్టెముక్క పెట్టుకుని వెళ్లాలంటారు. 1845లో బంగాళాదుంపలకు తెగులు సోకి మొదలైన మహా క్షామంలో ఆకలితో మనిషి పడిపోయిన చోట ఆ గడ్డి మొలుస్తుందని అనేకులు చెప్పారు. క్షామం ముగిసిన ఎనభై, తొంభై ఏళ్లకు, ఒక పన్నెండేళ్ల పిల్ల తన గుండ్రని చేతిరాతలో ఆ మాట రాయడం చదివినప్పుడు, అది మూఢనమ్మకమని కొట్టివేయడానికి మనసు రాదు.

లిస్ అని పిలిచే గుండ్రని మట్టికోటల కథలు ఈ సేకరణలో లెక్కకు మిక్కిలి. తొలి మధ్యయుగపు రైతుల నివాసాలైన ఇవి దేశంలో దాదాపు 45,000 ఉన్నాయని అంచనా. ఊరివారికి మాత్రం అవి దేవకన్యల లాంటి అదృశ్యజనం ఇళ్లు. వాటి మీది ముళ్లచెట్టు నరికితే పశువులు చస్తాయనీ, ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడతారనీ నమ్మకం. పదకొండు పొలాల్లో ఒకటి 'పార్కలిస్'. దాని కోట ఇప్పుడు ట్రాక్టరు ఎక్కని పచ్చటి వలయంగా మిగిలింది. మీకు నమ్మకముందా అని అడిగితే పెద్దాయన తనకు లేదని చెప్పి, అయినా ముట్టుకోనని కూడా చెప్పారు. 1999లో క్లేర్ కౌంటీలోని లటూన్ దగ్గర రహదారి పనులకు అడ్డొచ్చిన ఒక ముళ్లచెట్టును కాపాడాలని కథకుడు ఎడ్డీ లెనిహన్ గళమెత్తితే, చివరికి ఆ చెట్టును వదిలి రోడ్డు వేశారు. కాబట్టి ఈ జాగ్రత్త ఒక్క మా పక్క పొలానికే పరిమితం కాదు.

దూఖస్ సేకరణ స్వభావంలోనే ఒక పరిమితి ఉంది. కథనాలు పాఠశాలను బట్టి, పారిష్‌ను బట్టి అమరి ఉంటాయే తప్ప పొలాన్ని బట్టి కాదు. 'మా ఇంటి వెనుక పొలం' అని 1938లో ఒక పిల్లవాడు రాస్తే, ఆ ఇల్లు ఎక్కడుండేదో తెలిసిన మనిషి పక్కన లేనిదే ఆ పొలం ఏదో తేలదు. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని ఆరు కౌంటీల పాఠశాలలు ఈ సేకరణలో లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మెహల్ లోగానిమ్. కోతల కాలంలో ఇరుగుపొరుగు రైతులంతా ఒకరి పొలంలో ఒకరు కూలి లేకుండా చేసే సామూహిక పనిని ఐరిష్‌లో మెహల్ అంటారు. ఈ సైట్‌కు ఆ పేరు పెట్టడం నాకెంతో నచ్చింది, ఎందుకంటే ఇందులో ఉన్నదంతా జనం తెచ్చి పోసిందే. పేరు నమోదు చేసుకుని, పటంలో పొలం ఉన్న చోటును గుర్తించి, పేరును స్థానికంగా పలికే రూపంలో రాసి, అర్థమో కథో తెలిస్తే జతచేయవచ్చు. నా మొదటి ప్రయత్నంలోనే గుర్తును కంచెకు అవతలి పొలంలో పెట్టాను. తప్పు నాదే, ఉపగ్రహ చిత్రంలో అన్ని పొలాలూ ఒకే పచ్చటి ముక్కల్లా కనిపించాయి. ఆ తరువాత ప్రతిసారీ పొలంలోనే నిలబడి ఫోనులో చోటు చూసుకుని, ఇంటికొచ్చి నింపాను. కొత్తవారికి నేనిచ్చే సలహా కూడా అదే.

ఇందులో పేర్ల సాంద్రత అన్నిచోట్లా ఒకేలా లేదు. ఉత్సాహవంతులు ఉన్న పారిష్‌లో పేర్లు తేనెతుట్టెలా కనిపిస్తాయి, పక్క పారిష్ ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన అక్కడ పేర్లు లేవని అనుకోకూడదు. లోగానిమ్‌లో టౌన్‌ల్యాండ్ పేరుకున్నంత బరువు ఇక్కడి వివరణకు ఉండదు కూడా. చెప్పినవారి మాటగానే దాన్ని తీసుకోవాలి. మీత్, లూత్, కిల్కెన్నీ కౌంటీల పొలాల గురించి వెతుకుతున్నవారు, అక్కడ స్థానిక బృందాలు ఇల్లిల్లూ తిరిగి వేరుగా చేసిన సేకరణలను కూడా తప్పక చూడాలి.

ఆలస్యం చేయడానికి వీల్లేని పని ఇది. 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరిన తరువాత పెద్ద యంత్రాలకు వీలుగా కంచెలు తీసి పొలాలను కలపడం ఎక్కువైంది. పెద్దాయన తండ్రి కూడా మూడు పొలాలను ఒకటి చేశారు. ఆ మూడు పేర్లూ పెద్దాయనకు గుర్తున్నాయి, ఆయన కొడుక్కి మాత్రం అది 'పెద్ద పొలం'. సబ్సిడీ దరఖాస్తుతో వచ్చే పటంలో దానికి ఒక అంకె ఉంటుంది, అంతే. ఆ మూడు పేర్లనూ విడివిడిగానే, కంచెలు లేని పచ్చికలో మూడు గుర్తులుగా ఎక్కించాను. 'ద కైల్' పేరును మాత్రం కచ్చితమైన మూల చూపకుండా రాయమని ఆయన కోరారు. అపరిచితులు ఫోన్లు పట్టుకుని ఆ రాళ్ల మధ్య తిరగడం ఇష్టం లేదన్నారు. సమాచారమంతా అందరికీ అందాలని వాదించేవారు ఇలాంటి కోరికను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా ఉద్దేశం.

మొత్తం మీద టౌన్‌ల్యాండ్ పేరు తెలుసుకోవాలంటే లోగానిమ్ ఒక్కటి చాలు, దానికి సాటి లేదు. తీరిక ఉండి చదువుకుందామనుకునేవారికి దూఖస్ నెలల తరబడి సరిపోతుంది. పొలం పేరు కోసమైతే, ముందు ఆ పొలం గేటు తీసి మూసే మనిషిని కలిసి, ఆ తరువాతే నిఘంటువు తెరవాలి. విన్నదాన్ని మెహల్‌లో పెట్టాలి. వరుస తిరగబడితే నాకు జరిగినట్టే నాలుగు ఓక్ చెట్లను చూసి అడవి అనుకుంటారు.

చివరిగా మిగిలిన పేరు పార్కలీన్. నిఘంటువు ప్రకారం లీన్ అంటే అవిసె. నార కోసం అవిసె పండించిన పొలం కావచ్చు. పొలం దిగువన చలికాలంలో నీరు నిలిచే పల్లం ఉంది, అవిసె కాడలను నానబెట్టడానికి అలాంటి నీటిగుంటే కావాలి. పెద్దాయన అంతా శ్రద్ధగా విని, తమ ముత్తాత కాలంలో ఐలీన్ అనే వితంతువు ఆ పొలం చివర చిన్న ఇంట్లో ఉండేదనీ, అది ఐలీన్ పార్క్ అనీ చెప్పారు. ఇంటి పునాదిరాళ్లు కూడా చూపించారు. రెండు వివరణలూ రాస్తానన్నాను. ఐలీన్‌ది ముందు రాయమన్నారు. అలాగే రాశాను.